లోపల ఉండిపోయిన తేమ

ఆగస్టు 16, శుక్రవారం

ఈ పుస్తకం తెరిచినవాడా, ముందు నాకు జవాబు చెప్పు: నీ చేతులతో చేసిన దీపాన్ని నమ్ముకుని నీ రక్తసంబంధి నీళ్లలోకి వెళ్తే, ఆ దీపం వెలిగిందో లేదో విప్పి చూసే ధైర్యం నీకుందా?

తెరిచేవాడు ఎవడూ లేడు, నేనే. ముప్పై ఏళ్లుగా మిషన్ మందిరంలో నిలబడి జనాన్ని నిలదీసిన గొంతు ఇది. ఒక్కణ్ణే వంటింట్లో కాగితం ముందు కూర్చున్నా వేరే గొంతు రావడం లేదు.

ఇవాళ తమ్ముణ్ణి సమాధి చేశాం. లౌస్ట్ నాకంటే ఆరేళ్లు చిన్న. చర్చి పాస్టరు చక్కగా మాట్లాడాడు, చదువుకున్నవాడు కదా. ఆయన ముగించాక గోతి పక్కన నిలబడి నేను మాట్లాడాను. నేను పాస్టరును కాను. ఏడో తరగతితో బడి మానేసి, అచ్చు యంత్రం పక్కన నిలబడి వాక్యం నేర్చుకున్నవాణ్ణి. అయినా పడమటి ఒడ్డున ఉన్న మా హార్బోయెర్‌లో సముద్రం ఒకరిని తీసుకున్నప్పుడు జనం నా నోటి కోసమే చూస్తారు. సముద్రం తనలో ఉన్న చనిపోయినవాళ్లను అప్పగించే దినం ఒకటి ఉందని చెప్పాను. గాలి మాటల్ని లాక్కుపోతుంటే ఇంకా గట్టిగా చెప్పాను. ఆడవాళ్లు ఏడ్చారు. బాగా మాట్లాడావని ముగ్గురు నా చెయ్యి పట్టుకుని అన్నారు.

తర్వాత మందిరంలో కాఫీ. రక్షణ బృందంలో పనిచేసే ఒకాయన నా ఎదురుగా కూర్చున్నాడు. పోయిన శనివారం సాయంత్రం నీళ్లలో ఉన్న లౌస్ట్ మీదుగానే హెలికాప్టరు రెండుసార్లు వెళ్లిందట. "మసక పడ్డాక నారింజ రంగు జాకెట్టు కూడా నీళ్ల రంగే అండీ. భుజం మీద దీపం ఉంది గానీ అది వెలగలేదు" అన్నాడు. ఆ దీపం నేను చేసిందని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. చక్కెర గిన్నె ఆయన వైపు జరిపాను.

లౌస్ట్ భార్య రాగ్న ముంగిట్లో జెండా వారం రోజులుగా కర్ర సగంలోనే ఉంది. సమాధి అయిపోయింది కనుక పైదాకా లాగాలి. నేనే లాగాను. తాడు తడిగా ఉంది.

ఆగస్టు 17, శనివారం

రొట్టె కొయ్యలేదు. వాక్యం తెరవలేదు.

ఆగస్టు 19, సోమవారం

పనికి వెళ్లాను. లెమ్‌విగ్‌లోని ఈ హాల్లోనే ఇరవై ఏడేళ్లు వార్తాపత్రిక అచ్చు వేశాను. పత్రిక మూతపడ్డాక సిసెల్ వచ్చింది, కోపెన్‌హాగెన్ ఉన్న తూర్పు దీవి నుంచి, పరిశోధకుల బృందంతో, తన యంత్రంతో. పత్రిక కాగితం ఎలా చుట్ట నుంచి చుట్టకు పరుగెత్తేదో ఆమె ప్లాస్టిక్ ఫిల్ము కూడా అలాగే పరుగెత్తాలి. ముడత పడకుండా, బిగువు తగ్గకుండా నడిపే చెయ్యి కావాలంది. అలా నేను నల్ల సిరా నుంచి ఊదా సిరాకు మారాను. ఊదా సిరా ఎండ తిని కరెంటు ఇస్తుందంటే మొదట్లో నవ్వాను. ఆ ఫిల్ము ముక్కతో బ్యాటరీ నింపుకునే దీపాలే పడవల వాళ్ల జాకెట్లకు చేశాం.

సిసెల్ నా ఎదురుగా వచ్చి కాసేపు ఏం మాట్లాడాలో తెలియక నిలబడింది. దేవుణ్ణి నమ్మని మనిషికి ఇలాంటప్పుడు చాలా కష్టం.

"ఇంకో వారం ఇంట్లో ఉండాల్సింది విస్తిగారూ" అంది చివరికి.

ఇంట్లో ఉంటే గోడలకు ప్రసంగం చేస్తానన్నాను.

"ఇక్కడైతే మాకు చేస్తారు. గోడలే నయం, లేచి వెళ్లిపోలేవు." అని, నవ్వబోయి ఆపేసి నా మోచెయ్యి పట్టుకుంది. మంచి పిల్ల. తర్వాత అడిగింది, లౌస్ట్ దీపం ఏ చుట్టలోదని. నలభై ఒకటి, అన్నాను. రిజిస్టరు తెరిచి చూసింది. నలభై ఒకటో చుట్ట, మే 11, శనివారం, సీలు వేయడమైనది. సోమవారం పరీక్ష, బాగున్నది.

"చుట్ట బాగానే ఉంది. అయితే స్విచ్చిలోకి ఉప్పునీరు పోయి ఉంటుంది" అంది.

అయి ఉంటుంది, అన్నాను.

రిజిస్టరులో శనివారం అనే ఉంది. నా చేతి రాతే.

ఆగస్టు 21, బుధవారం

ఉప్పునీరు. స్విచ్చి చిన్నది, దాని చుట్టూ రబ్బరు పలచన. నీళ్లు తగలగానే వెలగాల్సిన దీపం అది. ఆ స్విచ్చి మేము చెయ్యలేదు, బయటి నుంచి తెప్పించింది. ఫిల్ము మాత్రమే నాది.

ఆగస్టు 25, ఆదివారం

మందిరంలో మాట్లాడాను. సిసెల్ మొదటి ఏడాది నాకు చెప్పిన సంగతి మీద. ఇదివరకు కూడా చెప్పాను, కానీ ఇవాళ అడిగారు.

నేను ఆమెను అడిగిందల్లా, వెలుతురు పడితే కరెంటు ఎలా వస్తుందని. ఆమె అంది: "పడగానే రాదు. వెలుతురు ఈ ప్లాస్టిక్‌ను తాకితే ఒక జంట పుడుతుంది. ఒకటి ధనం, ఒకటి రుణం. ఒకదాన్నొకటి వాటేసుకుని వదలవు. అలా వాటేసుకునే కొంచెం దూరం తిరుగుతాయి. వెంట్రుక మందాన్ని ఎనిమిది వేల పాళ్లు చేస్తే ఒక పాలు, అంతే దూరం. ఆలోపు రెండో పదార్థం గడప తగిలిందా, ఒకటి గడప దాటుతుంది, ఒకటి ఇవతల ఉండిపోతుంది. అప్పుడే కరెంటు. తగల్లేదా, మళ్లీ ఒకదానిలో ఒకటి పడి చస్తాయి. వచ్చిన వెలుతురంతా ఉత్త వేడి." అందుకే రెండు పదార్థాలనూ ఒకే సిరాలో కలిపి అచ్చు వేస్తాం, ఆ జంట ఎటు తిరిగినా గడప పక్కనే ఉండేలా.

ఎంత సేపుంటుంది ఆ జంట, అని అడిగాను. మీరు రెప్ప వేసి తెరిచేలోపు పది కోట్లసార్లు పుట్టి చచ్చేంత, అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఇంతకంటే ప్రసంగం ఏం కావాలి. ఇవాళ మందిరంలో బల్ల గుద్ది అడిగాను: వెలుగు నీ మీద పడింది, పడలేదని నువ్వు అనలేవు, నీ తల్లి ఒడిలోనే పడింది. గడప దాటావా? లేక వేడెక్కి ఊరుకున్నావా? మందిరం అంతా ఊపిరి బిగబట్టింది. రాగ్న వెనక వరసలో కూర్చుంది, నల్ల బట్టల్లో. నా వైపు చూడలేదు.

ఆగస్టు 26, సోమవారం

లౌస్ట్ ఆ జాకెట్టును పడవ అడుగున పెట్టెలో పడేసి ఉంటాడు. ఎండ తగలకపోతే ఏ ఫిల్మైనా ఏం చేస్తుంది. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, వస్తువు విలువ తెలియదు.

సెప్టెంబరు 2, సోమవారం

రాస్తాను. ఎవరూ చదవరు.

మే 11, శనివారం మధ్యాహ్నం. నలభై ఒకటో చుట్ట మీద అన్ని పొరలూ అచ్చు అయ్యాయి, ఎండాయి. చివరి పని మిగిలింది: రెండు వైపులా గట్టి రక్షణ ఫిల్ము అతికించి సీలు వేయడం. సీలు లేని చుట్ట అంటే చర్మం లేని మనిషి. గాలి తగిలితే, దాని మీద వెలుతురు కూడా పడితే, సిరా వెలిసిపోతుంది. తేమ తాగితే లోపలి పొరలు చెడతాయి. అతికించే యంత్రంలో జిగురు ఆరబెట్టే దీపం మాడిపోయింది. కొత్తది వచ్చేసరికి సాయంత్రం ఆరు. అప్పుడు మొదలుపెడితే పని అర్ధరాత్రి దాటుతుంది, అంటే ఆదివారంలోకి.

సిసెల్ కోపెన్‌హాగెన్‌లో ఉంది. ఫోనులో అంది: "పూర్తి చెయ్యండి. కుదరకపోతే నైట్రోజన్ బీరువాలో పెట్టి రండి, సోమవారం చూద్దాం." ఆదివారం నేను పని ముట్టనని ఆమెకు తెలుసు. ఎగతాళి కూడా చెయ్యలేదు ఆ రోజు. గాలి చొరబడని ఆ బీరువాలో పెట్టాలంటే చుట్టను ఇరుసు నుంచి విప్పి, వేరే కదురుకు చుట్టి ఎక్కించాలి. రెండు గంటల పని. ఏడింటికి మందిరంలో ప్రార్థన. ఆ వారం ప్రార్థన నడిపించేది నేను.

నల్ల గుడ్డ కప్పి వెళ్లిపోయాను.

సోమవారం అందరికంటే ముందు వెళ్లాను. గుడ్డ నేల మీద ఉంది. పత్రిక రోజుల నాటి పైకప్పు కిటికీల్లోంచి ఆదివారమంతా ఎండ పడి ఉంటుంది, శనివారం రాత్రి వాన తేమ కూడా. ముప్పై ఆరు గంటలు. చుట్ట రంగు చూశాను, బాగానే ఉన్నట్టుంది. సీలు వేశాను. పరీక్ష దీపం కింద పెట్టాను. పడిన వెలుతురులో వందకు రెండు పాళ్లు కరెంటు. ఎప్పటిలాగే.

రిజిస్టరులో సీలు తేదీ రాయాలి. సోమవారం అని రాస్తే సిసెల్ అడుగుతుంది: ఆదివారమంతా గాలిలో ఉందా? మీ ఆదివారం కోసమా? నా ఆదివారాన్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు. శనివారం అని రాశాను.

ప్రభువు దినాన్ని కాపాడటానికి అబద్ధం రాశాను. ఇది రాసి చాలాసేపు చూశాను.

కానీ మీటరు బాగుందనే చూపించింది. మీటరు అబద్ధమాడదు. అందుకని ఉప్పునీరే.

సెప్టెంబరు 8, ఆదివారం

మందిరం నుంచి వచ్చి కూర్చున్నానో లేదో రాగ్న వచ్చింది. పోలీసులు లౌస్ట్ సామాను ఇచ్చారట. చేతిరుమాలులో చుట్టిన దీపం బల్ల మీద పెట్టింది. అరచేయంత ఊదా రేకు, బిళ్లంత దీపం, ఉప్పు తెల్లగా పట్టి ఉంది.

కాఫీ పెట్టాను. తాగలేదు.

"ఆయన దీన్ని ఎక్కడ పెట్టేవాడో తెలుసా బావగారూ?" అంది.

పడవ పెట్టెలో అయి ఉంటుందన్నాను.

"పడవ పెట్టెలోనా?" ఆమె నవ్వింది, నవ్వులాంటిది. "మా వంటింటి దక్షిణపు కిటికీలో. నా పూలకుండీ తీసి కింద పెట్టి మరీ. ఒడ్డుకొస్తే జాకెట్టు విప్పి ముందు దీన్ని ఎండకు పెట్టేవాడు, ఆ తర్వాతే బూట్లు విప్పేది. పూల కుండీకి కూడా అంత మర్యాద లేదు మా ఇంట్లో. అన్న చేసిన దీపం అని వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు."

చల్లారిన కాఫీ పారబోసి మళ్లీ పోశాను.

"జూలైలో డిమ్ముగా వెలిగింది. నొక్కి చూసేవాడు. నేనన్నాను, బావగారిని అడగమని. తప్పు నాదే, ఎండ చాల్లేదేమో అన్నాడు. అయినా అడుగుతానని ఒక ఆదివారం మందిరం బయట మిమ్మల్ని ఆపాడట. అడిగాడా?"

అడిగాడు. నాకు గుర్తుంది. జూలై నెల, వాకిట్లో సైకిళ్ల దగ్గర. "అన్నా, నీ దీపం..." అన్నాడు. ఆదివారం పని మాటలు వద్దు, వారంలో చెప్పు, అన్నాను. వారమంతా వాడు సముద్రం మీదే ఉంటాడని నాకు తెలియదా. సరే అన్నా, అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

గుర్తులేదు, అన్నాను రాగ్నతో.

ఆమె రుమాలు మడిచి చేతిలో పెట్టుకుంది. "మీకు ప్రతి వాక్యం వరస నంబరుతో గుర్తుంటుంది" అని లేచి వెళ్లింది. దీపం మాత్రం బల్ల మీద వదిలేసింది.

సెప్టెంబరు 9, సోమవారం

సిసెల్ రాకముందే పరీక్ష దీపం కింద పెట్టాను. ముల్లు కదల్లేదు. రెండు పాళ్లు లేవు, ఒకటి లేదు, అరపాలు లేదు.

భూతద్దం పెట్టి చూశాను. ఉప్పునీటి తప్పయితే సముద్రం అంచుల నుంచి లోపలికి రావాలి. అంచులు బాగానే ఉన్నాయి. సీలు గట్టిగా ఉంది, నేను వేసిన సీలు. పాడైంది నడిమధ్య, మచ్చలు మచ్చలుగా, కొన్నిచోట్ల ఊదా పోయి పాత గోడ రంగు వచ్చింది. బయటి నీళ్లు లోపలికి రాలేదు. లోపలి తేమ బయటికి పోలేదు. ఆదివారం తాగిన తేమను లోపలే ఉంచి నేను సీలు వేశాను. పరీక్ష రోజున అది ఇంకా తన పని మొదలుపెట్టలేదు. తర్వాత తీరిగ్గా తినుకుంటూ పోయింది.

నమ్మకం కలగక, అదే చుట్టలోంచి దాచిన నమూనా ఒకటి అలమారలోంచి తీశాను. అది సముద్రం ముఖం చూడలేదు. అదీ చచ్చిపోయింది.

పెంతెకొస్తు రెండో రోజు సెలవున మందిరంలో నేను పంచిన దీపాలు ఇరవై నాలుగు. అందరూ చిన్న పడవల వాళ్లే. మీ దీపాలు వెలుగుతూ ఉండనివ్వండి అని, నూనె లేకుండా పెళ్లికి బయల్దేరిన ఆ అయిదుగురు కన్యకల సంగతి చెప్పి మరీ పంచాను. ఇరవై నాలుగూ నలభై ఒకటో చుట్టలోవే. ఇచ్చిన రోజున వాటి బ్యాటరీలు హాల్లో నింపి ఇచ్చాం. అందుకే నాలుగు వారాలు బాగా వెలిగాయి.

ఇరవై నాలుగులో ఒకటి నా బల్ల మీద ఉంది.

సెప్టెంబరు 10, మంగళవారం

రేపు సిసెల్‌కు చెప్తాను.

సెప్టెంబరు 11, బుధవారం

కోపెన్‌హాగెన్ వెళ్లింది. ఇది ఫోనులో చెప్పే మాట కాదు. రేపు.

సెప్టెంబరు 12, గురువారం

వచ్చింది. ఆమెకు జలుబు. ఇవాళ బాగుండదు.

సెప్టెంబరు 15, ఆదివారం

మారీనుస్ మందిరం మెట్ల దగ్గర పట్టుకున్నాడు. డెబ్బై రెండేళ్లు, ఇంకా ఒక్కడే వల వేస్తాడు. చిన్నప్పుడు నాకూ లౌస్ట్‌కూ ముడులు వేయడం నేర్పింది ఆయనే.

"ఒరేయ్ విస్తీ, నువ్విచ్చిన దీపం నాలాగే అయిపోయిందిరా" అన్నాడు. "నొక్కితే కళ్లు తెరుస్తుంది, మళ్లీ కునుకు. ముసలిదాన్ని అంటగట్టావేంటి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆవిడ కూడా అంతే అని ఎవరో అన్నారు, మళ్లీ నవ్వారు.

ఇంకాస్త ఎండలో పెట్టు మారీనుస్ అన్నా, అన్నాను.

అవును, నేనే అన్నాను. లౌస్ట్ తన మీద వేసుకున్న తప్పునే తీసుకెళ్లి ముసలాయన మీద వేశాను. ఆయన తలూపాడు. నీ మాట వింటాను, నువ్వు చదువుకున్నవాడివి, అన్నాడు.

మధ్యాహ్నం ప్రసంగం సాగలేదు. గొంతు బాగా లేదని చెప్పాను.

సెప్టెంబరు 19, గురువారం

రాస్తూ ఉంటే చెప్పినట్టే అనిపిస్తోంది. అది మోసం. ఈ పుస్తకం కూడా ఒక సీలే.

సెప్టెంబరు 22, ఆదివారం

ఈ ఆదివారానికి చర్చి క్రమంలో ఏ భాగం వస్తుందో నాకు నెల క్రితమే తెలుసు. అందుకే ఇవాళ మందిరంలో మాట్లాడమంటే తప్పించుకుందామని చూశాను. మాట్లాడేవాళ్లు దొరకలేదన్నారు. వెళ్లాను.

విశ్రాంతి దినాన ప్రభువు ఒకాయన్ను స్వస్థపరిచిన భాగం. పండితులు చుట్టూ కూర్చుని, తప్పు పడతాడా అని కాచుకుని చూస్తున్నారు. ఆయన ఒక్క మాట అడుగుతాడు: మీలో ఎవడి ఎద్దయినా, ఎవడి బిడ్డయినా ఆ రోజున బావిలో పడితే, వెంటనే పైకి తియ్యడా?

ఈ మాట ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు చదివాను. ప్రతిసారీ ఆ పండితుల మీద నిప్పులు కురిపించాను. ఇవాళ చదువుతుంటే "బావిలో" దగ్గర నోరు ఆగిపోయింది. మళ్లీ చదివాను. మళ్లీ అక్కడే. జనం ఎదురు చూస్తున్నారు. మారీనుస్ మొదటి వరసలో, టోపీ మోకాళ్ల మీద. దీపం తీసుకున్నవాళ్లు ఇంకో ముగ్గురు, నలుగురు, వాళ్ల ముఖాలు లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. పుస్తకం మూసి కూర్చున్నాను. ఎవరో కీర్తన ఎత్తుకున్నారు.

వాకిట్లో సైకిళ్ల దగ్గర, అదే చోట, రాగ్న నా వెనకే వచ్చింది. ఆమెకు చెప్పేశాను. గుడ్డ కప్పి వెళ్లడం, సోమవారం సీలు, రిజిస్టరులో శనివారం, నడిమధ్య మచ్చలు, జూలైలో లౌస్ట్ అడిగిన మాట గుర్తుండటం. అన్నీ. చెప్తూ ఏడ్చాను. క్షమించమ్మా అన్నాను.

ఆమె ఏడవలేదు. సైకిలు సీటు మీది వాన నీళ్లు చేతి తొడుగుతో తుడిచింది, చాలాసేపు. తర్వాత అంది:

"నా దగ్గరికి ఎందుకొచ్చారు బావగారూ? నా మనిషి పోయాడు. నేను క్షమిస్తే మీకు హాయిగా ఉంటుంది, అంతే. ఆ ఇరవై మూడు ఇళ్లకు చెప్పారా?"

లేదన్నాను.

"రేపు గాలి ఎంతో విన్నారా?"

విన్నాను. పొద్దున రేడియోలో చెప్పారు. సోమవారం మధ్యాహ్నానికి వాయవ్యం నుంచి తుఫాను.

"అందుకే గాలి ముదిరేలోపు వలలు తీసుకురావాలని అందరూ అనుకుంటున్నారు. ఆదివారం దాటగానే బయల్దేరతారు. మారీనుసయ్య కూడా." సైకిలు ఎక్కి, కాలు నేల మీద ఆనించి, ఇంకో మాట అంది. "ఆయన ఆ శనివారం ఎందుకు అంత తొందరపడి ఒడ్డుకు బయల్దేరాడో తెలుసా? వాన మబ్బు చూసి కూడా? అర్ధరాత్రి దాటాక ఒడ్డుకొస్తే మందిరంలో మీరు పేరు పెట్టి మందలిస్తారని."

వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. మూడున్నర అయింది. రేపు పొద్దున్నే సిసెల్‌కు చెప్పి, ఆమె చేత పడవల వాళ్లందరికీ ఫోను చేయిస్తాను. ఇవాళ ఆదివారం, హాలు మూసి ఉంటుంది, మా వాళ్లు ఇవాళ పని మాట ఎత్తరు.

అదే రోజు, నాలుగు గంటలు

పైన రాసింది చదువుకున్నాను.

చూశావా విస్తీ, మళ్లీ అదే. మే నెలలో చేసిందే. గుడ్డ కప్పి, సోమవారం చూద్దామని, మళ్లీ ఆదివారం వెనక దాక్కుంటున్నావు. సోమవారం ఎప్పుడు మొదలవుతుంది నీకు? పొద్దున ఎనిమిదింటికి, హాలు తాళం తీసినప్పుడు. వాళ్లకు? ఇవాళ అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే. ఎనిమిదింటికి మారీనుస్ నీళ్ల మీద ఉంటాడు, భుజం మీద నీ చచ్చిన దీపంతో, నొక్కి చూసుకుని, తప్పు తనదే, ఎండ చాల్లేదు అనుకుంటూ.

తమ్ముణ్ణి చంపిన మొదటి అన్నను దేవుడు పొలంలో అడిగాడు, నీ తమ్ముడు ఎక్కడ అని. నేనేమైనా వాడికి కావలివాణ్ణా అన్నాడు వాడు. ఆ జవాబును నేను ఎన్ని వందలసార్లు తిట్టానో. నెల రోజులుగా ఈ పుస్తకంలో నేను రాసిందల్లా ఆ జవాబే, అందమైన చేతిరాతతో.

సిసెల్‌కు ఫోను చేశాను. ఇప్పుడే. ఎత్తింది, వెనక పిల్లల గొడవ. చెప్పాను. "ముప్పై ఆరు గంటలా?" అంది. అవునన్నాను. "రిజిస్టరు చూసి, బాగానే ఉందని నేనే మీకు చెప్పాను" అంది, ఆ గొంతు నేను భరించలేకపోయాను. తిడుతుందనుకున్నాను. పాత రకం దీపాలు పద్దెనిమిది హాల్లో ఉన్నాయి, మామూలు బ్యాటరీతో నడిచేవి, తాళం తీసి తీసుకెళ్లండి, మిగతా అయిదింటికి నేను త్యుబొరోన్ రేవు ఆఫీసులో అడుగుతాను అంది. తర్వాత నెమ్మదిగా అంది: "ఇవాళ ఆదివారం కదా విస్తిగారూ. మీరు వెళ్తారా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. ఆమెకు తెలిసిన నేను వెళ్లని మనిషిని.

వెళ్తాను అన్నాను. అని, పెట్టేసి, మళ్లీ వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను. ఇంకా రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నాను? మందిరం నిండా ఉన్న జనానికి నేను చేసిన పని సముద్రంలో మనిషిని చంపిందని గడప గడపకూ చెప్పాలంటే కాళ్లు రావడం లేదు. రేపటి నుంచి ఈ ఊళ్లో నా నోటి కోసం ఎవరూ చూడరు. దానికే భయం. లౌస్ట్ కోసం కూడా ఇంత భయపడలేదు నేను.

లౌస్ట్, నువ్వు సైకిళ్ల దగ్గర నిలబడి "అన్నా" అన్నప్పుడు ఆ జంట పుట్టింది. వెలుగు నన్ను తాకింది. గడప జానెడు దూరంలో ఉంది. నేను దాటలేదు. నా అరుపులూ, బల్ల గుద్దడాలూ, గోతి పక్కన నా కేకలూ, ముప్పై ఏళ్ల నిప్పూ అంతా వేడి. ఒక్క దీపం వెలగలేదు దాంతో.

రిజిస్టరు నా సంచిలోనే ఉంది. శనివారం కొట్టేసి సోమవారం అని రాసి, పక్కన నా పేరు రాశాను.

ఇక లే. ఎద్దు బావిలో ఉంది, ఇరవై మూడు ఎడ్లు, అందులో నీకు ముడులు వేయడం నేర్పిన ముసలాయన ఒకడు. పొద్దు ఇంకా ఉంది. హాలు తాళం చెవి గోడ మేకుకు ఉంది. ఈ పుస్తకం తెరిచినవాడా, నువ్వు కూడా మూసెయ్, నీ వాకిట్లో ఎవరైనా "అన్నా" అని నిలబడి ఉంటే పోయి అడుగు. కలం పెట్టెయ్ విస్తీ. మారీనుస్ ఇంటి నుంచి మొదలుపెట్టు. తలుపు తట్టు, టోపీ తియ్యి, ప్రసంగం చెయ్యకు, ఉన్నది చెప్పు. రేపు కాదు. ఇవాళే, ఆదివారమే, ఇప్పుడే వెళ్లు.